ఎంఓయూ కంటే ముందు నీళ్ల సీసా

పాఠకుల ప్రశ్నలు – పర్యావరణ ఇంజనీర్ల జవాబులు

తాగునీరు, మురుగునీరు, వ్యర్థాల రంగాల్లో పనిచేసే ఇంజనీర్లకు దేశదేశాల్లో వృత్తి సంఘాలున్నాయి. అవి ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తాయి, వాటితో మన సీమకు ఏం పని అని ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి ఈ నెల ఏడింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బీటెక్ సివిల్ చివరి ఏడాది చదువుతున్నాను. నీటి ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘాల్లో చేరమని సీనియర్లు చెబుతున్నారు. ఫీజు చూస్తే విదేశీ డబ్బుల్లో ఉంది. చేరితే నిజంగా ఉపయోగం ఉంటుందా?
— ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: రెజ్యూమెలో ఒక లైను కోసమే అయితే వద్దమ్మా. చదువుకోవడానికే అయితే, సభ్యత్వం లేకుండానే ఇప్పుడు చాలా దొరుకుతోంది.

ఈ రంగంలో పెద్దది ఇంటర్నేషనల్ వాటర్ అసోసియేషన్, క్లుప్తంగా ఐడబ్ల్యూఏ. కేంద్రం లండన్. తాగునీటి సరఫరా వాళ్లదొక సంఘం, నీటి కాలుష్యం మీద పనిచేసే వాళ్లదొక సంఘం విడివిడిగా ఉండేవి, 1999లో రెండూ కలిసి ఇదయింది. దాని ప్రచురణ విభాగం 2021లో తన చందా పత్రికలు పదింటిని ఉచితంగా చదువుకునేలా తెరిచింది. ‘వాటర్ సైన్స్ అండ్ టెక్నాలజీ’ లాంటి పత్రికలో కొత్త వ్యాసాలు మీ ఫోన్లోనే పూర్తిగా చదవొచ్చు. ‘వాటర్ రీసెర్చ్’ మాత్రం ఐడబ్ల్యూఏ పత్రికే అయినా వేసేది ప్రైవేటు ప్రచురణ సంస్థ కాబట్టి అది డబ్బులకే. దానికీ దారుంది. 2025 జనవరి నుంచి కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందిస్తోంది. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాల అయితే లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోండి. ప్రైవేటు కాలేజీలు మొదటి దశలో లేవు.

సభ్యత్వమే కావాలంటే ముందు మన దేశంలోవి చూడండి. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920 నుంచి ఉంది, దానికి పర్యావరణ ఇంజనీరింగ్ విభాగం ప్రత్యేకంగా ఉంది, కాలేజీల్లో విద్యార్థి శాఖలూ ఉంటాయి. 1968లో మొదలైన ఇండియన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్‌లో నీటి సరఫరా శాఖల్లో పనిచేసే ఇంజనీర్లు ఎక్కువ. వాళ్ల సమావేశంలో ఒక పంపు ఆపరేటర్‌తో పది నిమిషాలు మాట్లాడితే వచ్చే లాభం మీ వయసులో విదేశీ సభ్యత్వం కన్నా ఎక్కువ.

ఇంకొక మాట. ‘మీ పేపర్ ఎంపికైంది, మూడు రోజుల్లో రిజిస్ట్రేషన్ కట్టండి’ అని మెయిల్ వస్తే తొందరపడి డబ్బు పంపకండి. మీరు పంపని పేపర్ ఎంపికవడం, ఒకే సమావేశంలో నీళ్లు, నర్సింగు, మేనేజ్‌మెంటు అన్నీ ఉండటం, చిరునామా లేకపోవడం, ఇవన్నీ దొంగ సమావేశాల గుర్తులు. నిజమైన సంఘం నడిపే సమావేశం అయితే ఆ సంఘం సొంత వెబ్‌సైటు క్యాలెండర్లో కచ్చితంగా కనబడుతుంది.

ప్రశ్న: మా కాలేజీ తరఫున ఫ్లోరైడ్ సమస్య మీద ఒక విదేశీ వృత్తి సంఘంతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) చేసుకోవాలని యాజమాన్యం పట్టుదలగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఉత్తరం ఎవరికి రాయాలి?
— సివిల్ అధ్యాపకుడు, కడప

జవాబు: ఎంఓయూతో మాత్రం మొదలుపెట్టకండి. సంతకాలయ్యాక ఫొటో మిగిలి, పని మొదలవని ఒప్పందాలు కాలేజీ బీరువాల్లో కావలసినన్ని ఉన్నాయి. మొదట నీళ్ల సీసాలు మార్చుకోండి. ఒకే నీటిని మీ ల్యాబులో, వాళ్ల ల్యాబులో పరీక్షించి అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. ఆ అంకెలు కలిస్తేనే తర్వాత మీరు చేసే ప్రయోగాల ఫలితాలను వాళ్లు నమ్మగలరు, వాళ్లవి మీరు నమ్మగలరు.

ఈ రంగంలో సంఘాల మధ్య సహకారం అసలు పుట్టింది పరీక్షా పద్ధతుల దగ్గరే. నీటి పరీక్షలకు ప్రపంచమంతా చూసే ‘స్టాండర్డ్ మెథడ్స్’ గ్రంథం తొలి కూర్పు 1905లో వచ్చింది. ఇప్పుడు దాన్ని అమెరికాలో ప్రజారోగ్యం వాళ్ల సంఘం, నీటి సరఫరా వాళ్ల సంఘం, మురుగునీటి వాళ్ల సంఘం మూడూ కలిసి వేస్తున్నాయి. మీరూ, అవతలి వాళ్లూ ఒకే పద్ధతి సంఖ్య పట్టుకుని పనిచేస్తే సగం తగాదా అక్కడే తీరుతుంది.

ఎలా చేయాలో చెబుతాం. ఫ్లోరైడ్ ఉన్న ఒకే బోరు నుంచి, పది నిమిషాలు మోటారు ఆడించాక, శుభ్రమైన ప్లాస్టిక్ డ్రమ్ములో 20 లీటర్లు పట్టండి. బాగా కలపండి. దీంతో మూడు రకాల సీసాలు తయారవ్వాలి. మొదటిది ఉన్నదున్నట్టు బోరు నీళ్లు. రెండోది, తెలిసిన మోతాదు ఫ్లోరైడ్ కలిపినది. మూడోది, పటికతో శుద్ధి చేసి వడగట్టినది. ప్రతి రకానికీ ప్రతి ల్యాబుకూ రెండేసి సీసాలు. సీసా మీద గుర్తు సంఖ్య మాత్రమే ఉండాలి. ఏది ఏమిటన్నది పరీక్ష చేసే మనిషికి తెలియకూడదు, మీ ల్యాబులో కూడా.

రెండో రకానికి స్టాక్ ద్రావణం ఇలా: ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 221 మిల్లీగ్రాములు తూచి ఒక లీటరుకు చేస్తే లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్ వస్తుంది. దాంట్లోంచి 40 మి.లీ. తీసి బోరు నీళ్లతో సరిగ్గా 2 లీటర్లకు నింపండి. అంటే లీటరుకు 2 మి.గ్రా. కలిపినట్టు. ఇక్కడ చాలామంది మరిచేది, స్టాక్ పోసినంత మేరకు బోరు నీళ్లు తగ్గాయన్న సంగతి. బోరులో 3.2 ఉంటే ఈ సీసాలో రావలసింది 5.2 కాదు, 5.14. కలిపిన 2 మి.గ్రా.లో 90 నుంచి 110 శాతం లెక్క తేలితే, అంటే రీడింగు 4.94, 5.34 మధ్య ఉంటే, పరీక్ష బాగున్నట్టు.

సీసాలు పాలిథీన్‌వే వాడాలి, గాజువి వద్దు. ఫ్లోరైడ్‌కు మందు కలపనక్కర్లేదు, 28 రోజుల లోపు పరీక్షిస్తే చాలు. ఆల్కలినిటీకి (ఆమ్లాన్ని తట్టుకునే గుణానికి) మాత్రం వేరే సీసా గాలి లేకుండా నిండుగా పట్టి, వీలైతే 24 గంటల్లోపు మీ దగ్గరే చేసేయండి. అది ప్రయాణానికి ఆగదు.

ఇక ఎక్కడ తప్పుతుందంటే, మూడో సీసా దగ్గర. మన కాలేజీల్లో ఎక్కువగా వాడే స్పాడ్స్ (SPADNS) రంగు పద్ధతికి పటికలో ఉండే అల్యూమినియం పడదు. కారకం కలిపిన వెంటనే రీడింగు తీస్తే లీటరుకు 0.1 మి.గ్రా. అల్యూమినియం చాలు, ఫ్లోరైడ్ 0.1 తక్కువగా కనబడుతుంది. రెండు గంటలు ఆగి తీస్తే 3 మి.గ్రా. దాకా తట్టుకుంటుంది. పటిక వేసిన నీళ్లను సరిగా వడగట్టకపోతే ఇంకా ఘోరం. తేలుతున్న నలకలు కారకంలోని ఆమ్లానికి కరిగి అల్యూమినియంను వదులుతాయి. దాంతో శుద్ధి బ్రహ్మాండంగా జరిగినట్టు కాగితం మీద కనబడుతుంది, ఆ నీళ్లు తాగేవాళ్ల ఒంట్లోకి ఫ్లోరైడ్ పోతూనే ఉంటుంది. ఎలక్ట్రోడ్ ముంచి మిల్లీవోల్టుల్లో కొలిచే పద్ధతిలో, శాంపిల్‌కు సమానంగా టిసాబ్ అనే సహాయక ద్రావణం పోస్తే అందులోని సీడీటీఏ అనే రసాయనం అల్యూమినియంను పట్టేసుకుంటుంది. అవతలి ల్యాబు ఎలక్ట్రోడ్‌తో, మీరు స్పాడ్స్‌తో చేస్తే మొదటి రెండు సీసాలు కలిసి మూడోది విడిపోతుంది. అలా విడిపోతే కంగారు పడొద్దు, దాచిపెట్టొద్దు. ఆ తేడాయే మీ మొదటి ఉమ్మడి ఫలితం.

ఎలక్ట్రోడ్ వాడేవాళ్లకు మన ఎండలతో ఒక చిక్కుంది. లీటరుకు 1 మి.గ్రా., 10 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న రెండు స్టాండర్డ్ ద్రావణాల మధ్య 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టుల తేడా రావాలి, 40 డిగ్రీల దగ్గర 62. స్టాండర్డ్‌లు ఏసీ గదిలో, శాంపిళ్లు వరండాలో ఉంటే అంకె తప్పుతుంది. అన్నీ ఒక పూట ఒకే బల్ల మీద పెట్టి అప్పుడు చేయండి. రిపోర్టులో ‘ఫ్లోరైడ్‌గా’ అని రాయండి. సోడియం ఫ్లోరైడ్‌గా రాసేస్తే అంకె రెండింతలు దాటుతుంది.

కొరియర్‌లో నీళ్లు పంపడానికి ‘ప్రమాదకరం కాదు, అంటువ్యాధి క్రిములు లేవు, అమ్మకానికి కాదు’ అన్న డిక్లరేషన్ అడుగుతారు. అవతలి దేశపు కస్టమ్స్ నియమాలు ముందే వాళ్లనే కనుక్కోమనండి. మురుగు బురద, బ్యాక్టీరియా కల్చర్లు మాత్రం నీళ్లతో పాటు పంపేయకండి. అవి జీవవనరుల కిందికి వస్తాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి సంగతి తేల్చుకున్నాకే కదపాలి.

ఉత్తరం సంఘం అధ్యక్షుడికి కాదు. ఈ విషయం మీద వ్యాసం రాసిన మనిషికి రాయండి, ఆయన మెయిల్ వ్యాసం మొదటి పేజీలోనే ఉంటుంది. లేదా సంఘంలోని ఆ అంశపు నిపుణుల బృందం కార్యదర్శికి రాయండి. ఫ్లోరైడ్ ఒక్కదానికే 1966 నుంచి ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ ఫ్లోరైడ్ రీసెర్చ్ ఉంది. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మీ బోరు నీటి పూర్తి రసాయన పట్టిక, మీరు వాడే పద్ధతి, మీరు ఇవ్వగలిగేది, మీరు అడిగేది ఒకే ఒక్కటి. కాలేజీ స్థాపన చరిత్ర, ర్యాంకులు వద్దు.

రెండు మూడు విడతలు సీసాలు మారాక ఎంఓయూ రాసుకోండి. డేటా ఎవరిది, ఫలితం బాగా రాకపోయినా ప్రచురిస్తారా, వ్యాసంలో పేర్ల వరుస ఏమిటి, స్టాండర్డ్‌ల ఖర్చు ఎవరిది, ఈ నాలుగూ అందులో లేకపోతే సంతకం పెట్టకండి.

ప్రశ్న: నల్గొండ పద్ధతి ఇథియోపియా దాకా వెళ్లిందని విన్నాం. నిజమేనా? అక్కడ వాళ్లు నేర్చుకున్నది మా కళ్యాణదుర్గం వైపు పల్లెలకు పనికొస్తుందా?
— గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు, అనంతపురం జిల్లా

జవాబు: నిజమే. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే ఈ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో రూపొందించింది. దీన్ని ఇథియోపియా, టాంజానియా, కెన్యాల్లో ఇదే పేరుతో పిలుస్తారు.

అనంతపురానికీ ఇథియోపియా రిఫ్ట్ లోయకూ రాళ్లు వేరు. మనది పాత గ్రానైటు, నీసు రాయి. వాళ్లది అగ్నిపర్వతాల రాయి. కానీ నీళ్ల స్వభావం కలుస్తుంది. రెండు చోట్లా సోడియం బైకార్బనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు చేరుస్తుంది, అది లేనప్పుడు ఫ్లోరైడ్ నీళ్లలోనే నిలుస్తుంది. అందుకే వాళ్ల అనుభవం మనకు, మన అనుభవం వాళ్లకు అక్కరకొస్తుంది. అమెరికా, యూరప్ పాఠ్యపుస్తకాల కంటే ఎక్కువగానే వస్తుంది.

బైకార్బనేట్ ఎక్కువంటే ఆల్కలినిటీ ఎక్కువ. ఆల్కలినిటీ ఎక్కువైతే పటిక ఎక్కువ తాగుతుంది. ఫ్లోరైడ్ 4, ఆల్కలినిటీ 400 మి.గ్రా. ఉన్న నీటిని 1 మి.గ్రా. దగ్గరకు తేవడానికి నీరి పట్టిక ప్రకారం లీటరుకు సుమారు 470 మి.గ్రా. పటిక కావాలి. 40 లీటర్ల బకెట్టుకు 19 గ్రాములు. పది శాతం ద్రావణం చేసి పెట్టుకుంటే 188 మి.లీ. సున్నం పటికలో ఇరవయ్యో వంతు, అంటే గ్రాముకు కొంచెం తక్కువ. ముందు సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తర్వాత పటిక ద్రావణం పోసి పది నిమిషాలు నిదానంగా తిప్పాలి. గంటసేపు కదపకుండా ఉంచాలి. బకెట్టు కుళాయి అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల పైన ఉండాలి, లేకపోతే బురదే వస్తుంది. గట్టిగా, వేగంగా తిప్పితే నలకలు చితికిపోయి పేరుకోవు. పట్టిక చూసి నేరుగా వేసేయకుండా ఊరి నీటికి జార్ టెస్టు (జాడీల్లో వేర్వేరు మోతాదుల పటిక వేసి చూడటం) చేసి తేల్చుకోవాలి, వర్షాలయ్యాక ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి.

ఆ 470 మి.గ్రా. పటిక ఇంకేం చేస్తుందో లెక్కేయండి. ఆల్కలినిటీని 210 దాకా తినేస్తుంది. నీళ్లలోకి 200 మి.గ్రా. సల్ఫేటు కలుపుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సల్ఫేటుకు కోరదగిన హద్దే 200, వేరే ఆధారం లేనప్పుడు 400. బోరులో ముందే వంద ఉంటే మొదటి హద్దు దాటినట్టే. మిగిలే అల్యూమినియంకు హద్దులు 0.03, 0.2. దీన్ని కొలవకుండా ప్లాంటు బాగా నడుస్తోందని సర్టిఫికెట్ ఇవ్వడం తప్పు.

ఆఫ్రికాలో ఈ ప్లాంట్లకు వచ్చిన ఇబ్బందులు మనకు కొత్త కాదు. రోజూ మందు కొలిచి వేసే మనిషి ఉండాలి, పటిక ఆగకుండా రావాలి, బురద ఎత్తిపోయాలి. ఆ బురదలో ఉన్నది మీరు నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడే. బోరు పక్కన పారబోస్తే వానకు మళ్లీ నేలలోకి దిగుతుంది. కెన్యాలో నకురు కేథలిక్ డయోసిస్ వాళ్లు స్విట్జర్లాండ్‌లోని ఈవాగ్ నీటి పరిశోధన సంస్థతో కలిసి ఎముకల బొగ్గు ఫిల్టర్లు పట్టుకొచ్చారు. ఎముకలను గాలి తగలకుండా 400–500 డిగ్రీల దగ్గర కాల్చాలి. తక్కువైతే నీళ్లు కంపు కొడతాయి, 600 దాటితే ఫ్లోరైడ్ పట్టే శక్తి పడిపోతుంది. బురద బాధ తక్కువ, రోజూ మందు కొలవక్కర్లేదు. అయినా ఎముకలతో వడగట్టిన నీళ్లు మన పల్లెల్లో తాగరు. తాగమని ఒత్తిడి చేయడమూ సరికాదు. అందుకే మేం ఆ దారి సూచించం. వాళ్ల దగ్గర మనం తెచ్చుకోవలసింది ఫిల్టరు మార్చే రోజును ఎలా పట్టుకుంటారన్నది. ఫ్లోరైడ్ పట్టే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టర్లకూ ఇదే పెద్ద బలహీనత. నీళ్లు తేటగానే వస్తుంటాయి, ఫ్లోరైడ్ మాత్రం ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఎన్ని లీటర్లు పోయాయో చెప్పే మీటరు లేని ఫిల్టరు పెట్టకండి.

ఇంకొకటి మొహమాటం లేకుండా చెప్పాలి. ఉపరితల నీరు పైపులో వచ్చే ఊళ్లో ఫ్లోరైడ్ తీసే ప్లాంటు అనవసరం. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లా పల్లెలకు చేసిన మేలు అదే. పైపు చేరని ఊరికి, పైపు ఉన్నా వేసవిలో ఎండిపోయే ఊరికి ఈ పద్ధతులు పెట్టుకోవాలి.

ప్రశ్న: మన బీటెక్ విదేశాల్లో చెల్లుతుందా? అక్కడి ఇంజనీరింగ్ సంఘాలు గుర్తిస్తాయా?
— నంద్యాల, ప్రొద్దుటూరు, హిందూపురం నుంచి పలువురు

జవాబు: ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకోవడానికి 1989లో మొదలైన వాషింగ్టన్ ఒప్పందంలో మన దేశం 2014లో పూర్తి సభ్యత్వం పొందింది, నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ద్వారా. అయితే టైర్–1 కింద గుర్తింపు పొందిన కోర్సులకే ఇది వర్తిస్తుంది. అవి ఎక్కువగా విశ్వవిద్యాలయాలు, అటానమస్ కాలేజీలవి. టైర్–2 గుర్తింపు ఉంటే ఈ ఒప్పందం కిందికి రారు. కాలేజీకి కాదు, మీ బ్రాంచికి, మీరు చదివిన సంవత్సరాలకు గుర్తింపు ఉందా అన్నది చూసుకోవాలి. డిగ్రీని గుర్తించడం వేరు, ఇంజనీరుగా సంతకం పెట్టే లైసెన్సు వేరు. రెండోదానికి ఏ దేశం పరీక్ష ఆ దేశానిదే. అనుభవం ఉన్నవాళ్లకు ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఇచ్చే ఇంటర్నేషనల్ ప్రొఫెషనల్ ఇంజనీర్ గుర్తింపు కొంత దారి సులువు చేస్తుంది.

ప్రశ్న: విదేశీ నగరాల నీటి సంస్థలతో మన మునిసిపాలిటీలు జతకట్టే పథకాలున్నాయట. మా సిబ్బందికి వాటివల్ల ఏం ఒరుగుతుంది?
— నీటి సరఫరా విభాగం ఉద్యోగి, కర్నూలు

జవాబు: ఉన్నాయి. 2006లో ఐక్యరాజ్యసమితి సలహా మండలి ఒకటి చేసిన సూచనతో ఇవి ఊపందుకున్నాయి, 2009 నుంచి యూఎన్ హాబిటాట్ కింద ఒక కూటమి నడుస్తోంది. ఒక నీటి సంస్థ సిబ్బంది ఇంకో సంస్థ సిబ్బందికి లాభాపేక్ష లేకుండా పని నేర్పడం దీని పద్ధతి. కన్సల్టెంటు వచ్చి రిపోర్టు ఇచ్చి పోవడం కంటే ఇది మేలు, ఎందుకంటే వాల్వు తిప్పేవాడికి వాల్వు తిప్పేవాడే నేర్పుతాడు.

జతను మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఐడబ్ల్యూఏ 2004లో బాన్ చార్టర్ అని ఒకటి తెచ్చింది. చివర కుళాయి దగ్గర పరీక్షించి ఊరుకోకుండా నది నుంచి ఇంటి కుళాయి దాకా ప్రతి మజిలీలో ప్రమాదాన్ని ముందే పట్టుకోవాలన్నది దాని సారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ‘వాటర్ సేఫ్టీ ప్లాన్’ కూడా ఇదే. ఆలోచన మంచిదే. కానీ రోజంతా ఒత్తిడితో నీళ్లుండే ఊరి ప్లానును, గంటో రెండు గంటలో నీళ్లొదిలే ఊరికి అతికించలేం. నీళ్లు ఆపగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. మురుగు కాలువ దాటే చోట జాయింటు వదులుగా ఉంటే పైపు ఆ మురుగును లోపలికి లాగేస్తుంది. నీళ్లొదిలిన మొదటి పది నిమిషాలు వచ్చేవి అవే. శాంపిల్ తీసేవాళ్లు కుళాయి బాగా పారాక తీస్తారు కాబట్టి రిపోర్టులో ఇది ఎప్పటికీ కనబడదు.

కాబట్టి అవతలి వాళ్లతో పని మొదలైతే అడగవలసింది ఇది. కాలువ దాటే పైపులన్నిటి పట్టిక వేసి, నీళ్లొదిలిన మొదటి నిమిషంలో ఒకటి, పదిహేనో నిమిషంలో ఒకటి శాంపిల్ తీసి, రెంటిలోనూ మిగులు క్లోరిన్, మురికి చూడండి. కుళాయి దగ్గర క్లోరిన్ 0.2 మి.గ్రా. తగ్గకూడదు. మొదటి శాంపిల్‌లో సున్నా వచ్చి రెండోదాంట్లో 0.3 వస్తే లీకు ఆ వీధిలోనే ఉండొచ్చు. తుంగభద్ర ఎండి సమ్మర్ స్టోరేజీ ట్యాంకు నీళ్లతో నెట్టుకొచ్చే నెలల్లో దీన్ని తప్పనిసరిగా చేయాలి. విదేశానికి పోయే ముందు ఒడిశాలోని పూరీ చూసి రండి. 2021లో అక్కడ ఇరవై నాలుగు గంటలూ కుళాయి నీళ్లే తాగేలా ఇచ్చారు. మనలాంటి ఊరు, మనలాంటి సిబ్బందే.

ప్రశ్న: మా బండల పాలిష్ ఫ్యాక్టరీ బురదకు విదేశాల్లో ఏమైనా దారి కనుక్కున్నారా?
— తాడిపత్రి పాఠకుడు

జవాబు: ఇటలీలో కరారా పాలరాతి గనుల వాళ్లదీ ఇదే బాధ. అక్కడ ఈ బురద వాగుల్ని, ఊటల్ని పాడుచేసింది. వాళ్ల దగ్గరా మంత్రమేమీ లేదు. పేరబెట్టడం, ఫిల్టర్ ప్రెస్సులో నీళ్లు పిండేయడం, ఆ నీళ్లు మళ్లీ మిషన్‌కే తిప్పడం, అంతే. పేరుకోవడానికి వాడే పాలీఎలక్ట్రోలైట్‌ను లీటరుకు ఒక గ్రాము చొప్పున, చిటికెలు చిటికెలుగా చల్లుతూ నిదానంగా కలిపి, గంట ఆగి వాడాలి. గుప్పెడు ఒకేసారి పోస్తే చేపకళ్లలా ఉండలు కడుతుంది, జోరుగా తిప్పితే దాని పొడవైన తీగలు తెగి పని చేయదు. ఎక్కువైతే ప్రెస్సు గుడ్డలు జిగురుపట్టి మూసుకుపోతాయి. పిండగా మిగిలిన బురద రొట్టెను సిమెంటు ఫ్యాక్టరీ తీసుకోవాలంటే సున్నపు శాతం, మెగ్నీషియా, సిలికా, తేమ చెప్పాలి. గ్రానైటు కోత బురద, నాపరాయి బురద ఒకే గుంతలో కలిపేస్తే ఆ బేరం పోయినట్టే. గుంతలు వేరు చేయండి, మిగతావి తర్వాత.

ప్రశ్న: మాది పల్లె నీటి మీద పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ. ఒక విదేశీ ఇంజనీర్ల సంఘం డబ్బు, పరికరాలు ఇస్తామంటోంది. తీసుకోవచ్చా?
— కార్యదర్శి, రాయచోటి

జవాబు: ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి కూడా ఖాతాలో వేయించుకోకండి. డబ్బు చిన్నదైనా నేరమే. 2020 సవరణ తర్వాత విదేశీ నిధులు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడం కూడా ఇప్పుడు కుదరదు, ‘మా ద్వారా తెప్పిస్తాం’ అని ఎవరైనా అంటే నమ్మకండి. వస్తువుల రూపంలో వచ్చేవి కూడా విదేశీ విరాళం కిందికే రావచ్చు, అందుకే పరికరాల జాబితా ముందుగా మీ ఆడిటర్‌కు చూపించండి.

పరికరాల విషయంలో ఇంకొన్ని చూసుకోవాలి. రీజెంటు (పరీక్షకు వాడే రసాయనం) మన దగ్గర దొరుకుతుందా, ఎలక్ట్రోడ్ పోతే కొత్తది ఎన్ని వారాలకు వస్తుంది, దాని ధర మీ సొంత నిధులతో కట్టగలరా. ఫలానా కంపెనీ రీజెంటు తప్ప వేరేది ఒప్పుకోని మీటరు ఉచితంగా వచ్చినా అయిపోయిన రోజు నుంచి అది బరువే. డబ్బు అక్కర్లేని సాయం అడగండి. వాళ్ల ల్యాబు ఏడాదికి రెండుసార్లు మీ సీసాలను మీ జిల్లా ల్యాబు సీసాలతో పోల్చి చూడటం, మీ జార్ టెస్టు రికార్డులు చదివి తప్పులు చెప్పడం, నెలకో గంట ఫోన్లో కూర్చోవడం. వీటిలో మీకు డబ్బేమీ అందదు. మీ ఊరి అంకెలు మీ పేరుతోనే, తెలుగులో కూడా ఊరికి చేరేలా పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటిస్తామని మొదటి ఉత్తరంలోనే రాయించుకోండి. దానికి ఒప్పుకోని సంఘంతో పని పెట్టుకోవద్దు.